అందరికీ ఒకే వైరు – ఏడో భాగం: పూల తొడుగు

పోయిన వారం మా అత్తగారి గొంతును పిన్నుల మాస్టారి బల్ల మీద వదిలి వచ్చాను. మధ్యలో చేరినవాళ్ళు కంగారు పడకండి, ఇది దయ్యాల కథ కాదు. నాలుగేళ్ళ కిందట అత్తయ్య గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి, మాట పుట్టే చోటునే తీసేశారు. అప్పటినుంచీ ఆవిడ మెడకు చిన్న మిషనొకటి ఆనించుకుని మాట్లాడుతుంది. చేతిలో పట్టే టార్చిలైటంత ఉంటుంది. మీట నొక్కితే జుమ్మంటుంది, ఆ మోతను ఆవిడ పెదాలతో, నాలుకతో మాటలుగా మలుచుకుంటుంది. వీధిలో పిల్లలు ఆవిడకు తుమ్మెద మామ్మ అని పేరు పెట్టారు. ఆవిడ కోప్పడకపోగా వాళ్ళ వెంటపడి మరీ జుమ్మనిపించి వస్తుంది.

ఆ మిషనుకు ఛార్జింగ్ పెట్టే వైరును నేనే పారేశాను. నేను ప్రమాణాల ఆఫీసులో పనిచేస్తాను. ఫోనుకొక పిన్ను, టార్చికొక పిన్ను, గడ్డం గీసుకునే మిషనుకొక పిన్ను ఇక కుదరదు, చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులన్నిటికీ ఒకే పిన్ను ఉండాలని నిబంధన తెచ్చింది మేమే. అది చెడ్డ నిబంధనని నేను ఇప్పటికీ అనను. సొరుగు నిండా చిక్కుపడిన వైర్లతో ఎవరు విసిగిపోలేదు? కాకపోతే నాకు ఉత్సాహం కాస్త ఎక్కువైంది. పాత వైర్ల సేకరణకు మా ఇల్లే ముందుండాలని ఉబలాటపడి, ఇంట్లో ఉన్నవన్నీ సంచిలో కుక్కి, ఆఫీసు ముందు పెట్టిన పెట్టెలో వేసి, పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో కూడా దిగాను. వాటిలో మూడు కాళ్ళ పిన్నున్న అత్తయ్య మిషను వైరు కూడా ఉంది. నేను వెతుక్కుంటూ వెళ్ళేసరికి ఆ సంచి మొత్తం నుజ్జయి, లోపలి రాగి ఒక కుప్ప, పైతొడుగు ఒక కుప్ప అయింది.

మాట లేకపోతే కాగితం మీద రాసుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. అందరితో అయితే సరిపోయేది. అత్తయ్యకు ఒక అక్క ఉంది, మాకు పెద్దత్తయ్య. వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది, ఆవిడకు చూపు లేదు. ఒకరికి రాస్తే కనపడదు, ఇంకొకరు నోటితో పలకలేరు. ఇద్దరినీ కలిపి ఉంచేది సాయంత్రం అయిదింటికి వచ్చే ఫోనొక్కటే. పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఎప్పుడో చిన్నప్పుడు గొడుగు ఎవరు పారేశారన్న తగువు ఇప్పటికీ తేలలేదు. టైపు చేస్తే చదివిపెట్టే యాప్ ఒకటి ఫోనులో వేసి చూశాను. పెద్దత్తయ్య రెండు వాక్యాలు విని, ఎవరో ఆడమనిషి నా చెల్లి ఫోను కాజేసింది, పోలీసులకు చెప్తానని బెదిరించి పెట్టేసింది.

అదీ సంగతి. మాస్టారు వారం గడువడిగారు. ఆ వారం నిన్నటితో అయిపోయింది.

పొద్దున్నే వెళ్ళాను. పిన్నుల మాస్టారు ఒకప్పుడు బళ్ళో సైన్సు చెప్పేవారు. ఇప్పుడు పాత వైర్లు, మిషన్లు బాగుచేసే కొట్టు నడుపుతున్నారు, అది మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత ఇరుకు. గోడ పొడవునా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా అందులో ఏముందో తెలియడానికి ఒక పిన్ను అంటించి ఉంటుంది. మీ ఆఫీసు పుణ్యమా అని నా కొట్టు మ్యూజియం అయిపోయిందమ్మా, టికెట్ పెడదామనుకుంటున్నాను అని ఎప్పుడూ ఏడిపిస్తారు. ఇవాళ ఏడిపించలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నారు. 

మూడు కాళ్ళ పిన్ను ఆయన దగ్గర లేక కాదట. పాత రేడియోదొకటి సరిగ్గా అతికింది. కానీ ఈ మిషను తన వైరును గుర్తుపట్టాకే కరెంటు తీసుకుంటుంది, పరాయి వైరు పెడితే నోరు విప్పదు. పోనీ విప్పి లోపల బ్యాటరీకే కలుపుదామంటే జిగురు పోసి మూసేశారు. పోయినేడాది ఇలాంటిదే ఇంకొకరిది విప్పారట.

"మళ్ళీ మోగలేదు," అన్నారు. "ఆ ముసలాయన కోప్పడితే బాగుండేది. చేతులు జోడించి వెళ్ళిపోయాడు. ఇంకోసారి ఆ పని నాతో చేయించకమ్మా."

మిగిలిన ఛార్జి ఎంతో కొలిచి చెప్పారు. ఇరవై నిమిషాల మాట ఉంది. పొదుపుగా వాడితే రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ.

అలా చెబుతూనే మిషను నా ముందు పెట్టారు. కొలవడానికి దాని తొడుగు తీసి పక్కన మడిచి ఉంచారు. కిటికీ పరదా కుట్టగా మిగిలిన పూల గుడ్డతో అత్తయ్య కుట్టుకున్న తొడుగది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే కుట్టుకుంది. ఉతికినప్పుడు కూడా తలుపు వేసుకుని మార్చేది. ఆపరేషన్లో ఊపిరి కోసం ఆవిడ మెడకు పెట్టిన రంధ్రాన్ని ఎవరికీ కనపడనివ్వదు, దీన్నీ అంతే. నాలుగేళ్ళుగా నేను చూసింది ఆ పూలనే.

ఇప్పుడు తెల్ల కాగితం మీద అది ఉట్టిగా ఉంది. నల్లటి ఒళ్ళు, మూతి దగ్గర వెండి కట్టు, పక్కన నీలం మీట.

దాన్ని నేనెరుగుదును.

మా ఆఫీసులో పొడుగాటి బల్ల ఒకటుంది. నిబంధన రాయడానికి ముందు, ఏయే వస్తువులు పిన్ను మార్చుకోవాలి, వేటికి మినహాయింపు అని తేల్చడానికి ఆ బల్ల మీదికి రెండు వందల పై చిలుకు వస్తువులు వచ్చాయి. ప్రతిదానికీ ఒక చీటీ కట్టి ఉంది. కంపెనీ పేరు కనపడకూడదని అంకె మాత్రమే వేశారు, కింద ఒక్క వాక్యంలో అదేమిటో రాశారు. మార్చాల్సినవి ఎర్ర ట్రేలోకి, మినహాయించేవి తెల్ల ట్రేలోకి. రెండు రోజుల్లో తేల్చాలి. వైద్యానికి పనికొచ్చేదా కాదా అని తేల్చడానికి మా పట్టికలో ఒకే ప్రశ్న ఉంది: ఇది శరీరం లోపలికి వెళుతుందా? చెవిలోకి దూర్చే మిషను తెల్ల ట్రేలోకి వెళ్ళింది. రక్తం చుక్క తీసే సూది మిషను కూడా వెళ్ళింది. రెండో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక నా చేతికి నూట అరవై మూడో నంబరు వచ్చింది. మెడ చర్మం మీద ఆనించి వాడే కంపన పరికరం అని చీటీ మీద ఉంది. మీట నొక్కాను. సన్నగా మోగింది. గాలిలో అంతే మోగుతుంది, మనిషి మెడకు తగిలితేనే మాటవుతుంది. అత్తయ్య మెడ మీద తప్ప ఆ మోతను నేనెప్పుడూ విడిగా వినలేదు.

పొద్దుటినుంచి వంగి కూర్చుని మెడ పట్టేసి ఉంది. దాన్ని మెడ వెనక పెట్టుకుని, హాయిగా ఉంది, ఇలాంటిదొకటి కొనుక్కోవాలి అని పక్కావిడతో అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత దాన్ని ఎర్ర ట్రేలో, గడ్డం మిషన్ల పక్కన పడేశాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ మెడకు ఆనించుకున్న పూల తొడుగును చూస్తూ, ఆఫీసు కబుర్లన్నీ చెప్పాను కూడా.

మాస్టారు ఇంకా ఏదో చెబుతున్నారు. కంపెనీకి ఫోన్ చేశారట. వాళ్ళు నెలకు నలభై మిషన్లు చేసేవాళ్ళు. వస్తువు జాబితాలోకి ఎక్కింది కాబట్టి పిన్ను మార్చాలి, పిన్ను మార్చాలంటే అచ్చు మార్చాలి, నలభైకి కొత్త అచ్చు ఎవరు పోస్తారు? మిషనూ మానేశారు, వైరూ మానేశారు. ఇలాంటి మిషను చేసేవాళ్ళు ఇంకెవరూ లేరు, ఆస్పత్రికి ఇచ్చిందీ వాళ్ళే, అక్కడి నిల్వ కూడా ఎప్పుడో అయిపోయింది.

"ఆ జాబితా మీ ఆఫీసులోనే కదమ్మా రాస్తారు," అన్నారు మాస్టారు. "ఎవరు రాశారో కనుక్కుని ఒక్క మాట అడగరాదూ?"

ఆయనకు తెలియదు. తెలియక అడిగారు. కనుక్కుంటానండీ అన్నాను.  తొడుగు తిరగేసి వేయబోయాను. ఆయనే తీసుకుని పూలు పైకి వచ్చేట్టు తొడిగి ఇచ్చారు.

ఆఫీసుకు వెళ్ళి మా పై అధికారి గదిలో నిలబడ్డాను. ఆయన మీద అరవాలని మెట్లెక్కుతూ మాటలు కూర్చుకున్నాను గానీ, అరవడానికి ఆయన చెడ్డవాడు కూడా కాదు. చెప్పినదంతా విన్నాడు. రికార్డు తెప్పించాడు. నూట అరవై మూడు ఎదురుగా నా సంతకం నీట్‌గా ఉంది. జాబితా ఏడాదికి ఒక్కసారే తెరుస్తారు, మొన్ననే మూశారు. ఈలోగా అర్జీ పెట్టుకుంటే ఉపసంఘం చూస్తుంది. ఉపసంఘం ఒప్పుకున్నా కంపెనీ మళ్ళీ మొదలుపెట్టాలన్న రూలేమీ లేదు. ఇదంతా ఆయన నెమ్మదిగా, నా మొహం చూడలేక గోడకేసి చూస్తూ చెప్పాడు. కంపెనీవాళ్ళ పాత అచ్చులేమయ్యాయో అక్కడినుంచే ఫోన్ చేసి కనుక్కున్నాం. పాత ఇనుముకు వేసేశారట.

"మీ తప్పేం లేదు," అన్నాడు చివరికి. "పట్టికలో ఉన్న ప్రశ్నకి మీరు సరిగ్గానే జవాబిచ్చారు."

తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్ని.  అర్జీ రాసి ఇచ్చాను. ఎర్ర ముద్ర వేసి, నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎంతో కూడా నేను చూసుకోలేదు.

నాలుగున్నరకు ఇంటికి చేరాను. మా ఆయన పని మీద ఊరెళ్ళారు, రేపు గానీ రారు. నాకు అడ్డుగా నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. అత్తయ్య వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పక్కన నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. వారం రోజులుగా ఆవిడ సంసారమంతా ఆ పెన్సిలుతోనే. నన్ను చూడగానే చేయి చాచింది. మిషను ఇచ్చాను. తొడుగు తడిమి చూసుకుంది. ఎవరో తీసి మళ్ళీ వేశారని వెంటనే తెలిసిపోయింది ఆవిడకు. నా వంక చూసింది.

చెప్పేశాను. ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయం. వైరు పారేసిన సంగతి ఆవిడకు తెలిసిందే, దానికి ఎప్పుడో క్షమించి నవ్వేసింది కూడా. పొడుగు బల్ల గురించి, ఎర్ర ట్రే గురించి, మెడ వెనక పెట్టుకుని నవ్విన సంగతి గురించి కూడా చెప్పాను. అది దాచి ఉండొచ్చు. దాస్తే ఆవిడ మొహం ఇంకెప్పుడూ చూడలేననిపించింది.

అత్తయ్య ఒలిచిన బఠాణీలను అరచేత్తో ఒక పక్కకు, పొట్టును ఒక పక్కకు జరిపింది. పెన్సిలు తీసుకుని రాసి, పుస్తకం నా వైపు తిప్పింది.

నాలాంటివాళ్ళు ఎంతమంది?

నెలకు నలభై మిషన్లు. ఎన్నేళ్ళ నుంచో తెలియదు. తెలియదత్తయ్యా అన్నాను. ఇవాళ అందరికీ అదే చెబుతున్నాను.

ఇంకో ముక్క రాస్తుందనుకున్నాను. రాయలేదు. మిషను ఎత్తి మెడకు ఆనించుకుంది. వద్దు, ఉన్నది ఇరవై నిమిషాలే అని చేయి పట్టుకోబోయాను. ఆవిడ నా చేతిని తోసేసింది. కోపంగా కాదు, ఈగను తోలినట్టు.

"అక్కకి నువ్వే చెప్పు," అంది. ఎప్పటి గొంతే, ఎత్తూ పల్లమూ లేని జుమ్మనే గొంతు. "నేను చెప్తే ఏడుపొస్తుంది. ఏడిస్తే ఇందులో వినపడదు."

మీట వదిలేసింది. మిషనును పూల వైపు పైకి ఉండేట్టు బఠాణీల గిన్నె పక్కన పెట్టింది. ఛార్జి చూపే పచ్చ చుక్కలు నాలుగుండాల్సిన చోట, గుడ్డలోంచి ఒకటే వెలుగుతోంది.

ఇంకా పదిహేను నిమిషాలుంది. ఎలా మొదలుపెట్టాలా అని నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను. పెద్దత్తయ్యకు అసలే నెల రోజులుగా ఒంట్లో బాగుండటం లేదు. జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. నువ్వూ నాలాగే తయారయ్యావు, ఇద్దరం కలిసి కచేరీ పెడదాం అని అత్తయ్య మొన్నటిదాకా ఏడిపించేది. ఇప్పుడు ఆవిడకు ఫోన్ చేసి, మీ చెల్లెలు ఇక మాట్లాడదు, ఆ పని చేసింది నేనే అని చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టినా అక్కడికే వస్తుంది.

సరిగ్గా అయిదింటికి ఫోను మోగింది.

వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉందని మొదట్లో రాశాను, గుర్తుండే ఉంటుంది, లేకపోతే మళ్ళీ చెబుతాను. మిషను వృథా కాకూడదని అత్తయ్య హలో అనదు. ఉంగరంతో ఫోను మీద రెండుసార్లు టకటక కొడుతుంది. రెండుసార్లు కొడితే ఉన్నాను, సరే, అలాగే అని. ఒక్కసారి కొడితే కాదు, కుదరదు అని. సగం తగువులు ఆ ఉంగరంతోనే నడుస్తాయి. ఈ వారమంతా పెద్దత్తయ్య మాటలకు ఉంగరమే జవాబిచ్చింది; మిషను బాగుకు ఇచ్చామని, ఇవాళ వచ్చేస్తుందని ఆవిడకు చెప్పి ఉంచాను.

అలవాటు చొప్పున ఆవిడ ఫోను ఎత్తి టకటక కొట్టింది. కొట్టాక నా చేతిలో పెట్టి, కానీ అన్నట్టు తల ఊపింది. నేను ఫోను చెవికి ఆనించుకున్నాను. పెద్దత్తయ్యా అని నోరు తెరిచేలోపే అటునుంచి ఆవిడ మొదలుపెట్టేసింది.

"ఏమే, ఇవాళ నువ్వు మాట్లాడకు. అడ్డురాకుండా విను. మధ్యలో ఆపితే నేను చెప్పలేను."

ఆ గొంతు నిన్నటికంటే ఇంకా అరిగిపోయింది.

"ఇది జలుబు కాదే. పక్కింటావిడ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. నీకొచ్చిందే నాకూ వచ్చింది. అదే చోట. వచ్చే నెల పదో తారీఖున కోస్తారట. నీకు తీసేసినట్టే తీసేస్తారట."

నేను అత్తయ్య వైపు తిరిగాను. ఆవిడ బఠాణీలు వదిలేసి నన్నే చూస్తోంది.

"భయపడకు, నేనేం భయపడటం లేదు. నీ మాట వింటున్నాగా, నాలుగేళ్ళుగా గుండ్రాయిలా ఉన్నావు. ఒక్కటే అడుగుతాను. కళ్ళు ఎలాగూ లేవు. నోరు కూడా పోతే ఇక నేను ఉన్నట్టు ఎవరికి తెలుస్తుందే? నీ దగ్గరున్న ఆ మిషనుంది చూడు, అలాంటిది నాకొకటి చూసి పెట్టు. పదో తారీఖు లోపల. నీ కోడలిని అడుగు. అలాంటి వస్తువులన్నీ వాళ్ళ ఆఫీసుకే వస్తాయని నువ్వే చెప్పావుగా. ఆ పిల్ల మంచిది, ఎలాగోలా సంపాదించి పెడుతుంది."

అటువైపు ఆవిడ ఆగి, దగ్గింది.  నోరు తెరిచాను. మాట రాలేదు. నాకేం గొంతు పోలేదు, ఆపరేషనూ కాలేదు, అయినా రాలేదు.

"వింటున్నావా? చూసి పెడతావా లేదా, చెప్పు. సరేనంటే కొట్టు."

ఎదురుగా అత్తయ్య ఏమంటోంది అన్నట్టు చేయి తిప్పింది. నేను కదల్లేదు. ఇంకా మొదలుపెట్టలేక నిలబడ్డాననుకుంది కాబోలు. అంతసేపు చప్పుడు లేకపోతే అవతల అక్క కంగారు పడుతుందని ఆవిడకు తెలుసు. లేచి నా దగ్గరికి వచ్చింది. నా చెవి దగ్గరున్న ఫోను మీద ఉంగరంతో టకటక రెండుసార్లు కొట్టి, ఇక చెప్పవే అన్నట్టు నా భుజం తట్టింది.

"అమ్మయ్య," అంది పెద్దత్తయ్య. "నాకు తెలుసు, నువ్వు కాదనవని."